తాగుడు మానినవారికి తోడుండే ఉద్యోగం: ఉండాలా, మానేయాలా?

వర్జీనియా నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు నలభై మూడేళ్లు. సొంతూరు రాజమండ్రి. పెళ్లయి అమెరికా వెళ్లి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చాలాకాలం పనిచేశారు, ఎక్కువగా ఇంటి నుంచే. మద్యం మొదట పార్టీల్లోనే. తర్వాత శని, ఆదివారాలు. ఆ తర్వాత పాప పడుకున్నాక రోజూ. చివరికి పొద్దున్నే కాఫీ కప్పులో పోసుకుని కంప్యూటర్ ముందు కూర్చునేదాకా వచ్చింది. ఒక రాత్రి తాగి కారు నడుపుతూ పోలీసులకు దొరికారు. ఒంట్లోంచి మద్యం వదిలించే డీటాక్స్ చికిత్సలో చేరారు. అప్పటి నుంచి ఆరేళ్లుగా చుక్క ముట్టలేదు.

డీటాక్స్‌లో ఒణికిపోతూ పడుకున్నప్పుడు ఒక పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుని, "నేనూ ఇలాగే వచ్చాను ఇక్కడికి" అన్నదట. డాక్టర్లు, కౌన్సిలర్లు చెప్పిన ఏ మాటా ఎక్కని రోజున ఆ ఒక్క మాట ఎక్కింది. ఆవిడ అక్కడ పీర్ స్పెషలిస్టు. అంటే వ్యసనం నుంచి తాను బయటపడి, ఆ అనుభవంతోనే ఇంకొకరికి తోడుండే ఉద్యోగి. మన పాఠకురాలు కూడా ఆ దారే పట్టారు. 72 గంటల శిక్షణ, 500 గంటల పని అనుభవం, ఆపైన పరీక్ష. ఇప్పుడు ఒక రికవరీ కేంద్రంలో సర్టిఫైడ్ పీర్ రికవరీ స్పెషలిస్టుగా ఫుల్‌టైమ్ పనిచేస్తున్నారు. క్లయింట్లను మీటింగులకు తీసుకెళ్లడం, కోర్టు వాయిదాకు వెంట వెళ్లడం, ఉండటానికి గది వెతికిపెట్టడం, ఓవర్‌డోస్ అయి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ల పక్కన కూర్చోవడం. గంటకు 22 డాలర్లు. పాత జీతంలో సగం కూడా కాదు.

ఈమధ్య ఏం జరిగిందో ఆమె మాటల్లోనే: "ఏప్రిల్‌లో నా క్లయింటు ఒక పిల్లాడు ఫెంటనిల్ అనే బలమైన మత్తుమందుతో పోయాడు. ఇరవై నాలుగేళ్లు. ముందురోజు సాయంత్రం నాకు ఫోన్ చేశాడు, నేను డ్రైవింగ్‌లో ఉండి తియ్యలేదు. మర్నాడు మామూలుగా ఆఫీసుకు వెళ్లి ముగ్గురు క్లయింట్లను చూశాను. నా ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగుకు క్లయింట్లు రావడం మొదలుపెట్టాక అక్కడ నోరు విప్పలేకపోయాను. తర్వాత వెళ్లడమే మానేశాను. పొద్దున్నుంచీ రికవరీ గురించే మాట్లాడుతున్నాను కదా, మళ్లీ సాయంత్రం దేనికి అనుకున్నాను. ఒక క్లయింటు నన్నే స్పాన్సర్‌గా (ఏఏలో ముందే మానేసి, కొత్తవారికి దారి చూపే మనిషి) ఉండమంటే కాదనలేక సరేనన్నాను. పదిరోజుల కిందట కూరగాయలకని వెళ్లి వైన్ సీసాల ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. కొనలేదు. ఎవరికీ చెప్పలేదు."

జీతం కోసం భర్త ఈ ఉద్యోగం వదిలేసి మళ్లీ టెస్టింగ్‌కు వెళ్లమంటున్నారు. గుడిలో పరిచయమైన ఒక తెలుగావిడ కొడుకు ఈమధ్యే ఈమె కేంద్రంలో చేరాడు. ఆవిడ ప్రతి ఆదివారం పక్కకు పిలిచి "మావాడు నీ దగ్గరికే వస్తున్నాడా" అని అడుగుతోంది. రాజమండ్రిలో అమ్మకు కూతురు "హాస్పిటల్లో ఏదో" చేస్తోందని మాత్రమే తెలుసు. ఉద్యోగం మానేయాలా? వైన్ సీసాల సంగతి సూపర్‌వైజర్‌కు చెబితే ఉద్యోగం పోతుందా? ఆ అబ్బాయి తల్లికి ఏం చెప్పాలి? అమ్మకు ఏం చెప్పాలి? ఇవీ ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు కానీ, తేల్చాల్సింది ఇంకొకటి వీటన్నిటికీ ముందే ఉంది. "పొద్దున్నుంచీ రికవరీ గురించే మాట్లాడుతున్నాను కదా" అన్నారు చూడండి, చిక్కు అక్కడ మొదలైంది. దాంతోనే మొదలుపెడతాను.

ఏఏ ఎలా పుట్టిందో మీకు నాకంటే బాగా తెలుసు. 1935 మే నెలలో, తర్వాత ఏఏ స్థాపకుల్లో ఒకడైన బిల్ విల్సన్ వ్యాపారం పనిమీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ వెళ్లాడు. పని చెడింది. హోటల్లో ఒంటరిగా ఉన్నాడు, పక్కనే బార్. మానేసి అప్పటికి అయిదు నెలలే. అప్పుడాయన వెతికింది తనను ఓదార్చేవాళ్ల కోసం కాదు, తనలాగే తాగుడుతో అవస్థపడుతున్న ఇంకొకరి కోసం. అలా రెండో స్థాపకుడు డాక్టర్ బాబ్ దొరికాడు. బిల్ మాట్లాడింది బాబ్‌ను బాగుచేయడానికి ఎంతో, ఆ రాత్రి తాను తాగకుండా ఉండటానికీ అంతే. ఇద్దరూ ఇచ్చారు, ఇద్దరూ పుచ్చుకున్నారు. మీటింగుల్లో ఈనాటికీ నడిచేది అదే.

మీ ఉద్యోగంలో నడిచేది అది కాదు. మీ క్లయింటు మీ మాట వింటాడు, మీరు అతని మాట వింటారు, నిజమే. కానీ మీకు గుబులుగా ఉన్న రోజున "ఇవాళ నాకు తాగాలనిపిస్తోంది" అని అతనితో అనగలరా? అనకూడదు కూడా. మీ కథలో అతనికి పనికొచ్చే ముక్క ఎంచి, కొలిచి చెబుతారు. మిగతాది మింగేస్తారు. మీకు శిక్షణలో నేర్పింది కూడా అదే. రోజుకు నాలుగుసార్లు మీ పతనం కథ చెప్పి, దాని బరువు మాత్రం ఎక్కడా దించుకోకుండా ఇంటికి వస్తున్నారు. పెళ్లిలో పొద్దున్నుంచీ వండి వడ్డించిన వంటావిడ ఆ ఆవిరికే ఆకలి చచ్చిపోయి ఏమీ తినకుండా పడుకున్నట్టుంది మీ పరిస్థితి. నెలల తరబడి అలా పడుకున్నారు. వైన్ సీసాల ముందు కాళ్లు ఆగిపోవడంలో నాకు ఆశ్చర్యమేమీ లేదు. మీరు బలహీనులూ కారు, మోసగత్తె కూడా కారు.

కాబట్టి ఉద్యోగం మానాలా ఉండాలా అన్నది ఈ నెలలో తేల్చవద్దని నా మనవి. ఆకలితో ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయం ఎటు తీసుకున్నా అనుమానమే. ముందు మీకంటూ ఒక చోటు కావాలి. అక్కడ మీరు స్పెషలిస్టు కారు, ఎవరికీ ఆదర్శం కారు, తాగుడు మానిన ఒక మనిషి, అంతే. దానికి దారులున్నాయి. మీ కౌంటీ దాటి నలభై నిమిషాల దూరంలో ఒక మీటింగ్ చూసుకోవచ్చు. దూరాభారమే, కానీ అక్కడ మీ క్లయింట్లు తగిలే అవకాశం తక్కువ. ఆడవాళ్లకు మాత్రమే ఉండే మీటింగులు ఉన్నాయి. ఆన్‌లైన్ మీటింగులైతే వేరే రాష్ట్రంవి, వేరే దేశంవి కూడా దొరుకుతాయి. ఎదురుగా మనుషులు లేని వెలితి ఉంటుంది గానీ, రాత్రి పదకొండింటికి పాప పడుకున్నాక అదే అందుబాటులో ఉండేది. మీ ఉత్తరంలో మీ సొంత స్పాన్సర్ ప్రస్తావన ఎక్కడా లేదు. ఉంటే ఇవాళే ఫోన్ చేసి ఆ దుకాణం సంగతి చెప్పండి. లేకపోతే మొదట వెతకాల్సింది ఆ మనిషినే.

డాక్టర్ని కూడా కలవండి. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి మందులు మద్యంపై యావను తగ్గించడానికీ, మానినవాళ్లు మానినట్టే నిలబడటానికీ ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్నాయి. మీకు పనికొస్తాయా లేదా అన్నది డాక్టరు చెప్పాలి. క్లయింట్లకు మందుల గురించి ధైర్యం చెప్పే మీరు, మీ దగ్గరికొచ్చేసరికి అది చిన్నతనం అనుకోకండి. మరీ చెడ్డ రాత్రి వస్తే 988కి ఫోన్ చేయండి. ఆ సహాయ నంబరు ఆత్మహత్య ఆలోచనలకే కాదు, మద్యం, మత్తు తాలూకు సంక్షోభానికి కూడా.

స్పాన్సర్‌గా ఒప్పుకున్న ఆ క్లయింటు విషయం. ఇది మాత్రం వదులుకోవాల్సిందే అనుకుంటున్నాను. ఏఏ సంప్రదాయాల్లో ఎనిమిదోది ఆ సేవ వృత్తి కాకూడదంటుంది. మీరు పొద్దున జీతానికీ సాయంత్రం స్పాన్సర్‌గానూ ఆమెకే తోడుంటే, ఆమె మళ్లీ తాగిన రోజున రెండు చేతులూ ఒక్కసారే పోతాయి ఆమెకు. "నీకు నాతో పాటు ఇంకొకరు కూడా ఉండాలి" అని చెప్పి, వేరే స్పాన్సర్‌ను వెతకడంలో మీరే సాయం చేయండి. ఒకటి రెండు వారాలు నొచ్చుకుంటుంది.

ఇక ఆ పిల్లాడు. మీరు ఉత్తరంలో నాలుగు వాక్యాల్లో దాటేశారు. అందుకే నేను ఆగుతున్నాను. అమెరికాలో 2021, 2022, 2023 సంవత్సరాల్లో ఏటా లక్షమందికి పైగా ఓవర్‌డోస్‌తో చనిపోయారు. వాళ్లలో ఎక్కువమందిని తీసుకుపోయింది ఫెంటనిల్, దాని జాతి మందులే. మీరు ఫోన్ తీసి ఉంటే బతికేవాడా? మీకూ తెలియదు, నాకూ తెలియదు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడంతో బతకడం చాలా కష్టం. మనసు దానికి బదులు "తప్పు నాదే" అన్న గట్టి జవాబును ఎంచుకుంటుంది, ఎందుకంటే అది కనీసం జవాబు. మీరు కారు నడుపుతున్నారు. ఒకసారి కారు నడపడంలో పొరపాటు ఎక్కడిదాకా తీసుకెళ్తుందో చూసిన మనిషి మీరు. ఫోన్ తియ్యకపోవడం సరైన పని.

మర్నాడే ముగ్గురు క్లయింట్లను చూడటం మాత్రం మీ మీద పడకూడని భారం. మీ కేంద్రంలో ఒక క్లయింటు చనిపోతే ఉద్యోగులంతా కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు ఉందా? లేకపోతే అడగండి. మొహమాటపడనక్కర్లేదు. 2007 ఆగస్టులో కేంద్ర మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల వైద్య ఖర్చు భరించే ప్రభుత్వ పథకం) అధికారులు రాష్ట్రాలకు రాసిన లేఖలో పీర్ సేవలకు డబ్బు చెల్లించాలంటే మూడు ఉండాలన్నారు: శిక్షణతో కూడిన సర్టిఫికెట్, మిగతా చికిత్సతో సమన్వయం, పర్యవేక్షణ. మీ సూపర్‌వైజర్ మీతో కూర్చోవడం ఆయన మీకు చేసే మేలు కాదు, ఆ సేవ నిలబడటానికి షరతు. ఇప్పుడు మీ సూపర్‌విజన్ గంటలో జరిగేదేమిటి? నోట్స్ పూర్తయ్యాయా, యూనిట్లు వచ్చాయా, ఇవే అయితే ఆ గంట మీది కాదు. నాకు వాళ్ల ఇబ్బందీ తెలుసు. పీర్ సేవను పదిహేను నిమిషాలు ఒక యూనిట్ లెక్కన బిల్లు చేస్తారు, క్లయింటు రాకపోతే ఆ సమయానికి డబ్బు రాదు. ఆ ఒత్తిడి పైనుంచి కిందకు జారి మీదాకా వస్తుంది. అయినా సరే, ఆ గంటలో సగం మీ మనసు గురించి ఉండాలని అడిగే హక్కు మీకుంది.

ఆయనకు ఎంత చెప్పాలి? మూడు మార్గాలు కనిపిస్తున్నాయి నాకు. ఉన్నదున్నట్టు చెప్పేయడం ఒకటి. తాగాలనిపించడం తాగడం కాదు. మంచి సూపర్‌వైజర్, అందులోనూ తానూ ఆ దారిలో వచ్చినవాడైతే, ఇది విని గౌరవిస్తాడు, మీ క్లయింట్ల సంఖ్య తగ్గిస్తాడు. కానీ అందరూ మంచివాళ్లు కారు. కొందరు భయపడి అవసరానికి మించి ఫైల్లో రాస్తారు. ఆయన ఎలాంటివాడో మీకే తెలుసు. రెండోది, కొంత చెప్పడం: "ఏప్రిల్ తర్వాత నేను కుదురుకోలేదు. రెండు నెలలు క్లయింట్లను తగ్గించండి, నా మీటింగుకు వెళ్లేందుకు మంగళవారం తొందరగా వదలండి." ఇందులో అబద్ధం లేదు, దాపరికం మీ హద్దులో ఉంది. మూడోది, ఆఫీసులో ఏమీ చెప్పకుండా బయట స్పాన్సర్‌తో, థెరపిస్టుతో పని జరుపుకోవడం. ఉద్యోగానికి ఇది భద్రం, కానీ పని గంటలు మారవు, భారం తగ్గదు. మీ సంస్థలో ఉద్యోగుల కోసం ఉచిత కౌన్సెలింగ్ ఏర్పాటు ఉంటే అది గోప్యంగానే ఉంటుంది, వాడుకోండి.

చట్టం గురించి అడిగారు కాబట్టి చెబుతాను. వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల కోసం వచ్చిన 1990 నాటి ఏడీఏ చట్టం కింద మద్యం వ్యసనాన్ని వైకల్యంగా గుర్తించే వీలుంది. కనీసం పదిహేనుమంది ఉద్యోగులున్న సంస్థలో మీటింగ్ కోసం, చికిత్స కోసం పనివేళలు సర్దమని అడగవచ్చు. కానీ పని నియమాలు అందరికీ ఉన్నవే మీకూ వర్తిస్తాయి, తాగి పనికి వస్తే ఆ చట్టం మిమ్మల్ని కాపాడదు. చికిత్స కోసమే సెలవు కావాలంటే, కనీసం ఏడాది పనిచేసి, గడిచిన ఏడాదిలో కనీసం 1250 గంటలు నిండి, సంస్థలో యాభైమంది ఉంటే, జీతం లేకుండా పన్నెండు వారాల దాకా ఉద్యోగం పోకుండా తీసుకోవచ్చు. సూపర్‌వైజర్‌తో కూర్చునే ముందు మీ సర్టిఫికెట్ నీతి నియమావళి, సంస్థ పాలసీ ఒకసారి చదివి వెళ్లండి. ఒకవేళ నిజంగా మళ్లీ తాగితే మాత్రం దాచి క్లయింట్ల ముందు కూర్చోవద్దు. కొంతకాలం పక్కకు జరిగి తిరిగి వచ్చినవాళ్లు ఈ వృత్తిలో ఉన్నారు. దాచిపెట్టి నెట్టుకొచ్చినవాళ్లకు ఆ తిరిగి రావడం చాలా కష్టమవుతుంది.

మీ భర్త సంగతికి వస్తాను. ఆయన "మానెయ్" అంటున్నది జీతం కోసమని మీరు రాశారు. కావచ్చు. కానీ ఆరేళ్ల కిందట పోలీసుల నుంచి ఫోన్ అందుకున్నది కూడా ఆయనే కదా. మీరు ఈమధ్య మీటింగులకు వెళ్లడం లేదని ఆయన గమనించకుండా ఉంటారా? నాకైతే ఆ మాటలో భయం వినిపిస్తోంది. టెస్టింగ్‌కు తిరిగి వెళ్లడం కూడా ఒక దారే, కొట్టిపారేయను. డబ్బు వస్తుంది, చావులు చూడనక్కర్లేదు. కానీ మీరు తాగింది ఆ పని చేస్తూ, ఇంట్లో ఆ గదిలో, ఆ కంప్యూటర్ ముందు. ఈ ఖాళీ తర్వాత ఉద్యోగం దొరకడం ఒక ఎత్తు, దొరికాక మళ్లీ ఇంటి నుంచి ఒంటరి పని అయితే అది ఇంకో ఎత్తు. వెళ్తే ఆఫీసుకు వెళ్లి చేసే పని చూసుకోండి, సర్టిఫికెట్‌ను మాత్రం రెన్యూ చేయిస్తూ ఉండండి.

మధ్యేమార్గాలూ ఉన్నాయి. వారానికి మూడు రోజులకు తగ్గించుకోవచ్చు. జీతం ఇంకా తగ్గుతుంది, ఇన్సూరెన్స్ మీ భర్త ఉద్యోగం మీద ఉందన్నారు కాబట్టి అది పోదు. లేదా ఇదే రంగంలో కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే పనికో, పర్యవేక్షణకో మారవచ్చు. మీ టెస్టింగ్ అనుభవంలోని పద్ధతి అక్కడ బాగా పనికొస్తుంది. అయితే ఒక క్లయింటు కళ్లలో ఆశ కనిపించే ఆ క్షణం అక్కడ దొరకదు, మీరు ఈ పనిలోకి వచ్చింది దానికోసమే. ఫుల్‌టైమ్‌లోనే ఉంటానంటే ఆఫీసు ఫోన్ వేరే పెట్టుకుని, పని గంటలయ్యాక అది ఆఫీసు సొరుగులో ఉండాలి. మీ సొంత నంబరు ఏ క్లయింటు దగ్గరా ఉండకూడదు. ఈ మూడింట్లో ఏది ఎంచుకున్నా మీ భర్తతో కలిసి కూర్చుని లెక్క వేసుకోండి. ఆ మాటల కంటే ముందు వైన్ సీసాల సంగతి ఆయనకు చెప్పడం నయం. ఆయనకు కూడా తనలాంటివాళ్లు కావాలి. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951 నుంచి అల్-అనాన్ మీటింగులు నడుస్తున్నాయి, ఆరేళ్లుగా మానేసినవాళ్ల భర్తలు కూడా వెళ్లవచ్చు.

గుడిలో ఆవిడ. ఇది నిజానికి మీ ప్రశ్నల్లో తేలికైనది, ఎందుకంటే ఇందులో మీకు ఎంపిక లేదు. మత్తు చికిత్స వివరాల గోప్యతకు అమెరికాలో ప్రత్యేకంగా కేంద్ర నిబంధన ఉంది. ఆ అబ్బాయి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, "వస్తున్నాడు" అన్నదే కాదు, "రావడం లేదు" అన్నది కూడా చెప్పకూడదు. తలూపడమూ చెప్పడమే. ఇలా అనండి: "పిన్నిగారూ, మా దగ్గరికి ఎవరు వస్తారో ఎవరు రారో నేను ఎవరి గురించీ చెప్పలేను. రేపు మా పాప గురించి ఎవరైనా అడిగినా ఇదే జవాబు. మీ మనసు బాగోలేదని మాత్రం నాకు అర్థమవుతోంది, రండి, కాసేపు కూర్చుందాం." ఆవిడకు కావలసింది సమాచారం కంటే ఎక్కువగా ఒక తోడు. నొచ్చుకుని రెండు వారాలు మాట్లాడకపోవచ్చు, పదిమందిలో ఏదైనా అనవచ్చు కూడా. భరించండి. ఆ అబ్బాయికి మాత్రం, మీరు తన తల్లికి తెలిసినవారని తెలిస్తే నోరు పెగలకపోవచ్చు. ఈ పరిచయం గురించి సూపర్‌వైజర్‌కు ఇప్పుడే చెప్పి, ఆ అబ్బాయినే అడగనివ్వండి, మీతో ఉంటాడా, వేరేవాళ్లతోనా అని. తెలుగులో మాట్లాడే మనిషి దొరికినందుకు సంతోషించేవాళ్లూ ఉంటారు, ఎక్కడికెళ్లినా మనవాళ్లేనా అని హడలిపోయేవాళ్లూ ఉంటారు. అతను ఏ రకమో అతనే చెప్పాలి.

మీ అమ్మగారికి చెప్పాలా? చెప్పకపోవడం నేరమేమీ కాదు. ఇప్పుడు మీరే నిలదొక్కుకోవాల్సిన సమయం. ఆవిడ కన్నీళ్లు, "అల్లుడు ఏమనుకున్నాడో, పాప ఎలా పెరిగిందో" అన్న ప్రశ్నలు తట్టుకునే ఓపిక కావాలి. మీకు ఓపిక వచ్చాక చెప్పాలనిపిస్తే, ఫోన్‌లో కాకుండా రాజమండ్రి వెళ్లినప్పుడు చెప్పండి. తాగుడు గురించి ఒకరోజు, ఉద్యోగం గురించి ఇంకోరోజు అని విడగొట్టినా ఫరవాలేదు. ఉద్యోగం వరకే చెప్పాలంటే "తాగుడు మానాలనుకునేవాళ్ల పక్కన కూర్చుని ధైర్యం చెప్పే పని అమ్మా" అంటే చాలు. "నీకెందుకమ్మా ఆ పని" అని ఆవిడ అడుగుతారు. ఆ ప్రశ్నకు ఎంత జవాబు ఇవ్వాలో ఆ రోజు మీరే తేల్చుకోవచ్చు.